జింబాబ్వేకు షాక్.. ఉగాండాకు వరల్డ్ కప్ టికెట్: 2023 ఆఫ్రికా క్వాలిఫయర్‌లో అసలేం జరిగింది?

టీ20 వరల్డ్ కప్ అనగానే మనకు గుర్తొచ్చేది ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్, సెమీస్, ఫైనల్. కానీ ఆ టోర్నీలో అడుగుపెట్టడానికే ఏళ్ల తరబడి పోరాడే జట్లు చాలా ఉన్నాయి. వాటి తలరాతను తేల్చేవి రీజినల్ క్వాలిఫయర్లు. స్టేడియాలు నిండవు, టీవీల్లో హడావుడి ఉండదు. కానీ ఒక్క మ్యాచ్ తేడా కొడితే రెండేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. 2023 నవంబర్‌లో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో జరిగిన ఆఫ్రికా క్వాలిఫయర్ అందుకు పెద్ద ఉదాహరణ. అక్కడ టెస్ట్ హోదా ఉన్న జింబాబ్వే ఇంటిదారి పట్టింది. అంతవరకు ఒక్క వరల్డ్ కప్ కూడా ఆడని ఉగాండా చరిత్ర సృష్టించింది.

అసలు ఈ క్వాలిఫయర్ ఎందుకు?

2024 టీ20 వరల్డ్ కప్‌లో మొత్తం 20 జట్లు ఆడాయి. వీటిలో 12 జట్లకు నేరుగా ఎంట్రీ దక్కింది. 2022 వరల్డ్ కప్‌లో టాప్ 8లో నిలిచిన జట్లు, ఆతిథ్య దేశాలు వెస్టిండీస్, అమెరికా, ర్యాంకింగ్స్ ఆధారంగా అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ ఈ లెక్కలోకి వచ్చాయి. మిగిలిన 8 బెర్తుల కోసం ఖండాల వారీగా పోటీలు పెట్టారు.

- యూరప్: 2 బెర్తులు (ఐర్లాండ్, స్కాట్లాండ్)
- ఆసియా: 2 బెర్తులు (నేపాల్, ఒమన్)
- ఆఫ్రికా: 2 బెర్తులు (నమీబియా, ఉగాండా)
- అమెరికా ఖండాలు: 1 బెర్తు (కెనడా)
- తూర్పు ఆసియా-పసిఫిక్: 1 బెర్తు (పాపువా న్యూ గినీ)

దక్షిణాఫ్రికా ముందే నేరుగా క్వాలిఫై అయింది. కాబట్టి ఆఫ్రికా నుంచి ఫేవరెట్ ఎవరంటే అందరి నోటా ఒకటే మాట, జింబాబ్వే.

జింబాబ్వే ఇక్కడిదాకా ఎందుకొచ్చింది?

2022 వరల్డ్ కప్ మీకు గుర్తుండే ఉంటుంది. పెర్త్‌లో పాకిస్తాన్‌ను జింబాబ్వే ఒక్క పరుగు తేడాతో ఓడించి సంచలనం సృష్టించింది. అయితే ఆ తర్వాత అడిలైడ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 5 వికెట్ల తేడాతో ఓడిపోయింది. చివరికి గ్రూప్‌లో ఆఖరి స్థానంలో నిలిచింది. అదే నెదర్లాండ్స్ చివరి మ్యాచ్‌లో దక్షిణాఫ్రికాను కంగుతినిపించి టాప్ 8లోకి వెళ్లిపోయింది. పాక్‌ను కొట్టిన జట్టు క్వాలిఫయర్ బాట పట్టింది.

అదొక్కటే కాదు. 2023 జులైలో వన్డే వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో సొంతగడ్డపైనే, బులవాయోలో స్కాట్లాండ్ చేతిలో 31 పరుగుల తేడాతో ఓడింది. దాంతో ఇండియాలో జరిగిన వన్డే వరల్డ్ కప్‌కు దూరమైంది. అందుకే విండ్‌హోక్‌లో ఆ జట్టుపై ఒత్తిడి మామూలుగా లేదు.

ఫార్మాట్ ఏంటి?

బరిలో దిగినవి ఏడు జట్లు: నమీబియా, జింబాబ్వే, ఉగాండా, కెన్యా, నైజీరియా, టాంజానియా, రువాండా. ప్రతి జట్టూ మిగతా ఆరు జట్లతో ఒక్కోసారి ఆడాలి. గెలిస్తే 2 పాయింట్లు. సెమీస్ లేవు, ఫైనల్ లేదు. పట్టికలో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు వరల్డ్ కప్‌కు, మిగతా ఐదుగురు ఇంటికి. నవంబర్ 22 నుంచి 30 వరకు, అంటే తొమ్మిది రోజుల్లోనే అంతా ముగిసిపోయింది.

ఇలాంటి ఫార్మాట్‌లో ఒక ఓటమిని సర్దుకోవచ్చు. రెండో ఓటమి వచ్చిందంటే ఇక మన చేతుల్లో ఏమీ ఉండదు. వేరేవాళ్ల ఫలితాల కోసం కాచుకు కూర్చోవాలి. జింబాబ్వేకు సరిగ్గా ఇదే జరిగింది.

మొదటి దెబ్బ నమీబియాదే

తొలి మ్యాచ్‌లోనే జింబాబ్వే బోల్తా పడింది. ఆతిథ్య నమీబియా 7 వికెట్ల తేడాతో ఈజీగా గెలిచేసింది. నికో డావిన్ 89 పరుగులతో జింబాబ్వే బౌలర్లకు చుక్కలు చూపించాడు. గెర్హార్డ్ ఎరాస్మస్ కెప్టెన్సీలోని నమీబియా ఆ ఊపును చివరి వరకు ఆపలేదు. ఆరుకు ఆరు మ్యాచ్‌లూ గెలిచింది. టోర్నీ ముగియడానికి రెండు రోజుల ముందే, నవంబర్ 28న టాంజానియాపై నెగ్గి బెర్తు ఖాయం చేసుకుంది.

అంటే మిగిలింది ఒకే ఒక్క బెర్తు.

నవంబర్ 26: టోర్నీని తిప్పేసిన మ్యాచ్

ఆ రోజు జింబాబ్వే, ఉగాండా తలపడ్డాయి. జింబాబ్వే 20 ఓవర్లలో 7 వికెట్లకు 136 పరుగులే చేయగలిగింది. కెప్టెన్ సికందర్ రజా 48 పరుగులతో ఒంటరి పోరాటం చేశాడు. ఉగాండా బౌలర్ దినేశ్ నక్రానీ 3 వికెట్లు పడగొట్టాడు.

ఛేజింగ్‌లో రియాజత్ అలీ షా 42, అల్పేశ్ రామ్‌జానీ 40 పరుగులు చేశారు. ఉగాండా మరో 5 బంతులు మిగిలి ఉండగానే 5 వికెట్ల తేడాతో గెలిచింది. ఐసీసీ ఫుల్ మెంబర్ జట్టుపై ఉగాండాకు ఇదే మొట్టమొదటి విజయం. అది కూడా టైమ్ చూసి కొట్టిన దెబ్బ.

మరుసటి రోజు రజా రువాండాపై హ్యాట్రిక్ తీశాడు. అంతర్జాతీయ టీ20ల్లో జింబాబ్వే పురుషుల జట్టు తరఫున అదే తొలి హ్యాట్రిక్. ఆ మ్యాచ్‌ను జింబాబ్వే 144 పరుగుల తేడాతో గెలిచింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఉగాండా ఎక్కడైనా జారితేనే ఛాన్స్.

ఉగాండా జారలేదు. నవంబర్ 30న చివరి మ్యాచ్‌లో రువాండాను 65 పరుగులకే కుప్పకూల్చింది. 8.1 ఓవర్లలోనే, ఒక్క వికెట్ కోల్పోయి పని ముగించేసింది. అదే రోజు జింబాబ్వే కెన్యాపై 110 పరుగుల తేడాతో గెలిచినా ఫలితం లేకపోయింది.

ఫైనల్ లెక్క ఇదీ:

- నమీబియా: 6 మ్యాచ్‌లు, 6 విజయాలు, 12 పాయింట్లు
- ఉగాండా: 6 మ్యాచ్‌లు, 5 విజయాలు, 10 పాయింట్లు
- జింబాబ్వే: 6 మ్యాచ్‌లు, 4 విజయాలు, 8 పాయింట్లు

2024 వరల్డ్ కప్‌కు క్వాలిఫై కాని ఏకైక ఫుల్ మెంబర్ జట్టు జింబాబ్వేనే. డిసెంబర్‌లో హెడ్ కోచ్ డేవ్ హౌటన్ పదవి నుంచి తప్పుకున్నాడు.

ఉగాండా జట్టులో మనవాళ్లు!

నక్రానీ, రామ్‌జానీ పేర్లు వినగానే మీకు డౌట్ వచ్చి ఉంటుంది. నిజమే. నక్రానీ పుట్టింది గుజరాత్‌లోని కచ్‌లో. రామ్‌జానీ పుట్టింది ముంబైలో. రియాజత్ అలీ షాది పాకిస్తాన్‌లోని గిల్గిత్. కెప్టెన్ బ్రయన్ మసాబా, సీనియర్ స్పిన్నర్ ఫ్రాంక్ ఎన్సుబుగా లాంటి స్థానిక ఆటగాళ్లతో వీళ్లు కలిసిపోయారు.

రామ్‌జానీ 2023లో అంతర్జాతీయ టీ20ల్లో 55 వికెట్లు తీశాడు. ఐసీసీ ఆ ఏడాది బెస్ట్ టీ20 క్రికెటర్ అవార్డుకు షార్ట్‌లిస్ట్ చేసిన నలుగురిలో ఇతనూ ఒకడు. ఆ లిస్టులో సికందర్ రజా కూడా ఉన్నాడు. అవార్డు మాత్రం మన సూర్యకుమార్ యాదవ్‌కు దక్కింది.

వరల్డ్ కప్‌లో ఉగాండా ఏం చేసింది?

నిజం చెప్పాలంటే పెద్ద జట్ల ముందు నిలబడలేకపోయింది. అఫ్గానిస్తాన్‌పై 58, వెస్టిండీస్‌పై 39, న్యూజిలాండ్‌పై 40 పరుగులకే ఆలౌట్ అయింది. 39 అంటే టీ20 వరల్డ్ కప్ చరిత్రలో అత్యల్ప స్కోరును సమం చేయడమే.

కానీ గయానాలో పాపువా న్యూ గినీపై మ్యాచ్ కథ వేరు. ప్రత్యర్థిని 77కే ఆలౌట్ చేసి, ఉగాండా 3 వికెట్ల తేడాతో గెలిచింది. 43 ఏళ్ల ఎన్సుబుగా 4 ఓవర్లు వేసి ఇచ్చింది నాలుగంటే నాలుగే పరుగులు. అందులో 2 మెయిడెన్లు, 2 వికెట్లు. వరల్డ్ కప్ గడ్డపై ఉగాండాకు తొలి విజయం అది.

డబ్బు సంగతీ చూడాలి. ఆ టోర్నీలో 13 నుంచి 20 స్థానాల్లో నిలిచిన ఒక్కో జట్టుకు ఐసీసీ 2,25,000 డాలర్లు ఇచ్చింది. గెలిచిన ప్రతి మ్యాచ్‌కూ అదనంగా మరికొంత. చిన్న బోర్డులకు ఇది చిన్న మొత్తం కాదు.

ఓడినవాళ్ల పరిస్థితి?

వరల్డ్ కప్ మిస్సయిన జింబాబ్వే ఈసారి ఇంకో మెట్టు కిందికి దిగాల్సి వచ్చింది. 2024 అక్టోబర్‌లో నైరోబీలో జరిగిన సబ్ రీజినల్ క్వాలిఫయర్ ఆడింది. అక్కడ గాంబియాపై 4 వికెట్లకు 344 పరుగులు చేసి, అంతర్జాతీయ పురుషుల టీ20ల్లో అత్యధిక స్కోరు రికార్డు సృష్టించింది. రజా 43 బంతుల్లో 133 నాటౌట్. ఆ రికార్డు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. అసలు జింబాబ్వే అక్కడ ఎందుకు ఆడుతోందన్న ప్రశ్నకు జవాబు మాత్రం విండ్‌హోక్‌లోనే ఉంది.

చివరికి 2025లో హరారేలో జరిగిన ఆఫ్రికా క్వాలిఫయర్‌లో జింబాబ్వే లెక్క సరిచేసింది. ఈసారి ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు, సెమీస్ పద్ధతి పెట్టారు. అక్టోబర్ 2న సెమీస్‌లో కెన్యాపై 7 వికెట్లతో గెలిచి 2026 వరల్డ్ కప్ బెర్తు పట్టేసింది. టాంజానియాను ఓడించి నమీబియా కూడా వెళ్లింది. ఆ తర్వాత తొమ్మిది రోజులకే నమీబియా విండ్‌హోక్‌లో దక్షిణాఫ్రికాను చివరి బంతికి ఓడించి క్రికెట్ ప్రపంచాన్ని నివ్వెరపరిచింది.

మరి ఉగాండా? సెమీస్ కూడా చేరలేకపోయింది. రెండేళ్ల కింద జింబాబ్వే కూర్చున్న చోటే ఇప్పుడు ఉగాండా కూర్చుంది. తర్వాతి వరల్డ్ కప్ కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.