నర్సింగరావు కళాదృక్పథం: పాట నుండి మౌనానికి

బి. నర్సింగరావు కళాజీవితం పాటతో మొదలై మౌనంలో పరిణతి పొందింది. మెదక్ ప్రాంతంలోని ప్రజ్ఞాపూర్‌లో 1946లో జన్మించిన ఆయన, 1970లలో ఆర్ట్ లవర్స్ సంస్థ ద్వారా జనం మధ్య ప్రదర్శనలు నిర్వహించారు. జననాట్యమండలికి అదే ప్రాతిపదిక. ఆ జానపద బాణీ ఆయన నిర్మించిన ‘మాభూమి’ (1980)లోనూ, దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘రంగులకల’ (1983)లోనూ గద్దర్ గొంతుగా పలికింది.

‘దాసి’ (1988)లో పాట వెనక్కి తగ్గింది. మాట సైతం పొదుపైంది. కారణం వస్తువులోనే ఉంది. నిజాం కాలపు గడీలో దొర వాంఛకు లోబడి, కడుపులోని బిడ్డను సైతం నిలుపుకోలేని కమలాక్షికి గొంతెత్తే వీలే లేదు. తిరగబడే సమూహానికి పాట ఆయుధం. ఒంటరి బానిస నోట పాట పెట్టడం ఆమె స్థితిని కప్పిపుచ్చడమే అవుతుంది. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ఈ మౌనం, ప్రజారంగస్థలి నేర్పిన దృష్టికే కొనసాగింపు.