పరదేశపు బడికి పోవువారి సన్నాహము

అన్యదేశమునకు పోయి, అచ్చటి పసిపిల్లల బడిలో జీతము గొనక పనిచేయవలెనని సంకల్పించినవారికి ఏ సన్నాహము వలయును? ప్రయాణపత్రములు, టీకాలు, దుస్తులు, పిల్లలకు పంచుటకై పలకలు, పుస్తకములు, ఇవి కొన్ని వారములలో సమకూడును. వీనికంటె కాలము పట్టునదియు, తఱచుగా మఱవబడునదియు నగు సన్నాహము వేఱొకటి కలదు. దాని స్వరూపమును మా యనంతపుర ప్రాంతచరిత్ర చక్కగా తెలుపగలదు.

మొదట మద్రాసు సంగతి యొకటి. స్కాట్లండు దేశీయుడగు ఆండ్రూ బెల్లు 1789లో అచ్చటి సైనికుల యనాథబాలశాలకు అధ్యక్షుడయ్యెను. దేశీయుల బడి యొకదానిలో పిల్లలు ఇసుకపై వ్రేళ్లతో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టబోయెను. ఉపాధ్యాయులు విముఖులు కాగా, నేర్చిన బాలునిచేతనే చిన్నవారికి చెప్పించెను. 1797లో ఆ యనుభవమును లండనులో ప్రకటింపగా, ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో ఆ పద్ధతి వ్యాపించెను. నేర్పవచ్చినవాడు నేర్చుకొని పోయెను.

ఇక మా సీమ. అనంతపురము 1882 వఱకును బళ్లారి జిల్లాలోనిదే. 1822లో గవర్నరు మన్రో బడుల లెక్క కోరగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెలు 1823లో నివేదిక పంపెను. 9,27,857 మంది జనులకు 533 బడులు; వానిలో చదువుకొనువారు 6,641 మంది; అందు బాలికలు 60 మంది మాత్రమే. ప్రాచీన విద్యావైభవమును గూర్చి ఉపన్యసించు మనము ఈ 60 అను సంఖ్యను దాచరాదు.

కాంబెలు 1816లోనే తెనుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు. కావుననే పిల్లలు పద్యములను వల్లించుచున్నను వాని యర్థ మెఱుగరని కనిపెట్టగలిగెను. తెనుగు రానివాడు ఆ వల్లెవేతను విని, వారి ప్రజ్ఞను మెచ్చుకొని పోయియుండును! పసిచేతులు పనికి వచ్చినతోడనే బీదతల్లిదండ్రులు బిడ్డలను బడి మాన్పించుచున్నారనియు ఆయన వ్రాసెను. దేశము బీదపడుటకు గల కారణములలో ఐరోపా వస్త్రములు వచ్చి ఇచ్చటి నేతను క్రుంగదీయుట యొకటి యని దొరతనమువారికే తెలిపెను. భాష తెలిసినవానికి బిడ్డ యజ్ఞానమే గాక, దాని వెనుకనున్న యాకలియు కనబడెను.

అయినను కాంబెలు పాలకుడు. స్వచ్ఛందముగా వచ్చి ఇచ్చటనే నిలిచినవాని కథ విన్సెంటు ఫెర్రరుది. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెసూటు సంఘీయుడుగా భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రములోని మన్మాడు ప్రాంతమున రైతులతో కలిసి బావులపని సాగించెను. 1968లో దేశము విడువవలసినదని యుత్తరువు కాగా, ఆ రైతులే ఆయనకై యాందోళన చేసిరి. మరల వచ్చి 1969లో అనంతపురము చేరెను. 1970లో సంఘమును వీడి, ఇంగ్లండునుండి వచ్చిన పత్రికారచయిత్రి ఆనీ పెర్రీని వివాహమాడెను. 2009లో అనంతపురముననే మరణించెను. వచ్చిన నాటికిని అనంతపురము చేరిన నాటికిని నడుమ పదునేడేండ్లు. ఆ యేండ్లే ఆయన సన్నాహము.

సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన గల యీ మెట్టసీమలో వేరుసెనగ చేను ఎండిన యేట సంసారములు వలస పోవును. బిడ్డ పేరు హాజరుపట్టీలో మిగులును, బిడ్డ యుండడు. కావున ఫెర్రరు దంపతుల గ్రామీణాభివృద్ధి సంస్థ నీరు, వైద్యము, ఇండ్లు, చదువు అను వానిని విడదీయక పట్టుకొనెను. దళితవాడలలో సర్కారుబడి వేళలకు ముందు వెనుకల చదువు చెప్పు బడులును, చెవిటి పిల్లలకు, గ్రుడ్డి పిల్లలకు వేఱు బడులును నెలకొల్పెను. స్పెయిను నుండి సేవకులు వచ్చిన సంస్థ యిది. అట్టి చెవిటిపిల్లల బడికి వచ్చువానికి తెనుగు వచ్చినను చాలదు. చేతిసైగల భాషయు దేశదేశమునకు వేఱు. స్పెయినుసైగ నేర్చినవాడు ఇచ్చట మరల మొదటినుండి దిద్దుకొనవలసినదే.

పూర్వము శిష్యుడు సమిధలు చేతబట్టి గురువు ముంగిటికి పోయెడివాడు. బడికి సేవచేయ పోవువాడును అట్లే పోవలెనని మా తాత్పర్యము. మన యువకులు ఏ దేశమునకు పోదలచినను, ప్రయాణపు చీటి కొనకముందే అచ్చటి ఉపాధ్యాయునికి జాబు వ్రాసి మూడు సంగతులు తెలిసికొనవలెను: పిల్లలు ఇంట ఏ భాష మాటలాడుదురు? ఏ నెలలో ఎందుచేత బడి మానుదురు? తాము తిరిగి వచ్చిన మఱునాడు ఆ పాఠము చెప్పువారెవరు? మూడవదానికి జవాబు లేనిచో ప్రయాణము నాపుకొనుటయే మేలు. నెల దినములు మాలిమి చేసికొని విడిచిపోయిన పరదేశి, బిడ్డకు మిగుల్చునది ఎదురుచూపే.

సముద్రము దాటనివారికిని ఈ ప్రశ్నలు తప్పవు. ఊరిబడికిని దళితవాడకును నడుమ దూరము రెండు ఫర్లాంగులే. పేరు మాత్రమే మిగిలిన బిడ్డ యేమైనదో అడుగుటకై ఆ రెండు ఫర్లాంగులును నడచిన ఉపాధ్యాయు లెందఱో లెక్కించినచో, 1823 నాటి పట్టికవలెనే అదియు మనకు చదువదగిన చరిత్ర యగును.