రాఫ్టింగ్‌కి వెళ్తున్నారా? రేటు కంటే ముందు నది గ్రేడ్ అడగండి

సెలవులు దగ్గర పడితే చాలు, కాలేజీ పిల్లలు రిషికేశ్ పేరు ఎత్తుతారు. ఫోన్‌లో వీడియో చూపిస్తారు. తెల్లటి నురగ, గాలిలోకి లేచే పడవ, ఒకటే కేకలు. అది చూసి అమ్మీకి గుండె దడ. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అదే గంగా నదిలో ఈత రానివాళ్లు కూడా నవ్వుకుంటూ దిగే దారి ఉంది, బాగా అలవాటైనవాళ్ల పడవ కూడా బోల్తా పడే చోటు ఉంది. ఏది ఎవరికో తెలియకుండా బుకింగ్ చేసేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

ముందు ఒక మాట. పాపికొండలకు లాంచీలో వెళ్లడం రాఫ్టింగ్ కాదు. అక్కడ మనం కూర్చుంటాం, నడిపేది ఇంజిన్. రాఫ్ట్ అంటే గాలి నింపిన మందపాటి రబ్బరు పడవ, దానికి ఇంజిన్ ఉండదు. మన చేతిలో తెడ్లు ఉంటాయి, వెనుక గైడ్ కూర్చుని దారి చూపిస్తాడు. ఆయన 'ఫార్వర్డ్' అంటే అందరూ తెడ్డు వేయాలి, 'స్టాప్' అంటే ఆపాలి. నది వాలుగా రాళ్ల మధ్య నుంచి దూకే చోట నీళ్లు నురగలు కక్కుతాయి. ఆ చోటును రాపిడ్ అంటారు.

రాపిడ్‌లకు 1 నుంచి 6 వరకు గ్రేడ్లు ఉన్నాయి. 1 అంటే చిన్న అలలు, భయం లేదు. 2లో కాస్త ఊపు ఉంటుంది, దారి తేటగా కనిపిస్తుంది. 3కి వచ్చేసరికి అలలు ఎగుడుదిగుడు, పడవ నిండా నీళ్లు, గైడ్ చెప్పిన మాట అప్పటికప్పుడు వినాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు మంచి గైడ్ ఉంటే ఇక్కడి వరకు వెళ్లొచ్చు. 4 పెద్ద నీళ్లు, ఇంతకు ముందు రాఫ్టింగ్ చేసి ఉండాలి, నీళ్లలో పడితే కంగారు పడకూడదు. 5 పూర్తిగా నిపుణులకే. 6 అంటే దాదాపు ఎవరూ దిగరు.

ఈ గ్రేడ్ రాయి మీద చెక్కిన అంకె కాదు. అదే రాపిడ్ నీళ్లు తగ్గినప్పుడు ఒకలా, మంచు కరిగి నది పెరిగినప్పుడు ఇంకోలా ఉంటుంది. అందుకే 'అక్కడ గ్రేడ్ ఎంత' అని అడిగితే చాలదు, 'ఈ వారం నీళ్లు ఎలా ఉన్నాయి' అని కూడా అడగాలి.

రిషికేశ్‌లో నాలుగు దూరాలు అమ్ముతారు. బ్రహ్మపురి నుంచి రిషికేశ్‌కు సుమారు 9 కిలోమీటర్లు, ఇది కుటుంబాలకు, భయపడేవాళ్లకు. శివపురి నుంచి అయితే 16. ఎక్కువమంది తీసుకునేది ఇదే. ఇందులో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే పెద్ద రాపిడ్‌లు వస్తాయి కాబట్టి 'అందరికీ ఈజీ' అని ఏజెంట్ చెప్పే మాటను పూర్తిగా నమ్మొద్దు. మెరైన్ డ్రైవ్ నుంచి దిగితే ఇంకా పొడవు, త్రీ బ్లైండ్ మైస్ లాంటివి తగులుతాయి. కౌడియాలా నుంచి దాదాపు 36 కిలోమీటర్లు. 'ద వాల్' అనే రాపిడ్ ఈ పై భాగంలోనే ఉంది, పడవలను తిప్పేయడంలో దానికి పేరుంది. మొదటి ట్రిప్‌కే కౌడియాలా అడిగేవాళ్లను మంచి గైడే వద్దంటాడు. వానాకాలంలో, అంటే జూలై, ఆగస్టులో ఇక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. సాధారణంగా 14 ఏళ్లలోపు పిల్లలను ఎక్కించుకోరు.

అంత దూరం ఎందుకు అనుకుంటే కర్ణాటకలో దాండేలీ దగ్గర గణేశ్‌గుడి ఉంది. కాళీ నదిలో, సుపా డ్యామ్ కింద, గ్రేడ్ 2, 3 నీళ్లు. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలికా నది సంగతి వేరు. ముల్షీ డ్యామ్ నీళ్లతో భీరా పవర్ హౌస్‌లో కరెంటు తీసి, ఆ నీళ్లను నదిలోకి వదులుతారు. ఆ నీళ్లు వచ్చే ఉదయం వేళలోనే పడవలు దిగాలి. ఆలస్యంగా చేరితే ఆ రోజు ట్రిప్ పోయినట్టే. నీళ్లు ఇలా వస్తాయి కాబట్టే ఎండాకాలంలోనూ అక్కడ రాఫ్టింగ్ నడుస్తుంది. కూర్గ్‌లో బారాపోలే దీనికి రివర్స్, వానల్లోనే నడుస్తుంది, నీళ్లు కూడా గట్టిగా ఉంటాయి. లడఖ్‌లో జాన్‌స్కార్, అరుణాచల్‌లో సియాంగ్ లాంటివి రోజుల తరబడి సాగే ట్రిప్పులు. వాటి గురించి మొదటి ఏడాది ఆలోచించకండి.

డ్యామ్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పక తప్పదు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండీ జిల్లాలో, బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లు రాఫ్టింగ్ చేయడం లేదు, నది మధ్య రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటున్నారు. లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చేశాయి. మన ఊళ్లలో చాలామందికి ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తే. రిషికేశ్‌కు పైన భాగీరథి మీద టెహ్రీ డ్యామ్ ఉంది, కరెంటు ఉత్పత్తిని బట్టి కింద నీళ్లు మారతాయి. కాబట్టి ట్రిప్ మధ్యలో పడవ ఆపినప్పుడు గైడ్ 'ఒడ్డు మీదకు రండి' అంటే వెంటనే రావాలి. సెల్ఫీ కోసం రాళ్ల మీదకు వెళ్లొద్దు.

నేను బీకాం చదివినవాణ్ణి, ఎక్కడికెళ్లినా ముందు రేటే అడుగుతాను. అదే పొరపాటు మా కజిన్స్‌తో వెళ్లినప్పుడు చేశాను. అందరికంటే తక్కువ చెప్పిన అతని దగ్గర బుక్ చేస్తే, పడవలో తొమ్మిదిమందిని కుక్కాడు, జాకెట్ బకిల్ ఒకటి విరిగి ఉంది, పక్కన సేఫ్టీ కయాక్ లేదు. ఆ రోజు నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, అల్‌హమ్దులిల్లాహ్, బయటపడ్డాం. ఇప్పుడు అడిగేవి వేరు: గైడ్‌కు లైసెన్స్ ఉందా, వెంట కయాక్ వస్తుందా, పడవకు ఎంతమంది, ప్రాక్టీస్ ఎంతసేపు చేయిస్తారు? జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించి చూడండి. గడ్డం దాటి పైకి జారితే అది మీ సైజు కాదు. గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు దిగకూడదు. గ్రేడ్ ఎంచుకునేటప్పుడు గుంపులో అందరికంటే భయపడే మనిషిని లెక్కలోకి తీసుకోవాలి, అందరికంటే దూకుడు ఉన్నవాణ్ణి కాదు.

ఆడవాళ్లు చాలామంది అడిగేది బట్టల గురించి. బురఖా, దుపట్టా పడవలో వద్దు. నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, తాళ్లకు చుట్టుకుంటాయి. ఫుల్ స్లీవ్స్ ఉన్న నైలాన్ లేదా పాలిస్టర్ టాప్, ఒంటికి పట్టే ప్యాంటు, పిన్నులు లేకుండా తలకు బిగుతుగా ఉండే స్పోర్ట్స్ హిజాబ్ వేసుకుంటే దానిపై హెల్మెట్ చక్కగా కూర్చుంటుంది. కాటన్ తడిస్తే చలి వేస్తుంది. ట్రిప్ ముగిసే చోట బట్టలు మార్చుకోవడానికి గది ఉందా అని ముందే అడగండి, అన్ని చోట్లా ఉండదు. కాళ్లకు వెనుక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. కళ్లజోడుకు తాడు కట్టుకోండి.

తెడ్డు చివర టీ ఆకారంలో పిడి ఉంటుంది. దాని మీద నుంచి చేయి తీయకూడదు. పక్కనున్నవాళ్ల ముఖానికి తగిలే దెబ్బల్లో చాలా వరకు ఆ పిడి వల్లే.

నీళ్లలో పడితే నిలబడే ప్రయత్నం చేయొద్దు. నడుము లోతు నీళ్లయినా సరే, కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకి లేపి, పాదాలను నీళ్లు పోయే వైపు ఉంచాలి. రాయి తగిలితే పాదాలకు తగులుతుంది, తలకు కాదు. గైడ్ తాడు సంచి విసిరితే సంచిని కాదు, తాడును పట్టుకోవాలి. ఎదకు ఆనించి గట్టిగా పట్టుకుని, వెల్లకిలా ఉండి లాగనివ్వాలి. చేతికి మాత్రం చుట్టుకోవద్దు.