పొగ మానడం: దిగువ కృష్ణా డెల్టాలో దీర్ఘకాలపు అలవాటు, యావ

ఏళ్ల తరబడి చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చినవారు పొగ మానడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, నికోటిన్‌కు అలవాటు పడ్డ శరీరం కుదుటపడటం. దీనికి కొన్ని వారాలు చాలు. రెండోది, కాల్చిన చోట్లతో, వేళలతో, మనుషులతో ముడిపడిపోయిన యావ సడలడం. దీనికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు కూడా. బందరు (మచిలీపట్నం), గుడివాడ, దివిసీమ ఊళ్లలో ఈ తేడా ఏటా కంటికి కనబడుతుంది. అయ్యప్ప, భవానీ దీక్ష పట్టి మండలం (41) రోజులు పొగ ముట్టనివారిలో చాలామంది, మాల తీశాక మళ్లీ మొదలుపెడతారు.

పొగాకు, పొగ

పొగాకును ఈ దేశానికి తెచ్చింది పోర్చుగీసువారన్న దానిపై పెద్దగా భేదాభిప్రాయం లేదు. భేదమంతా తేదీల్లోనే. అసద్ బేగ్ బీజాపూర్ నుంచి అక్బర్ కొలువుకు పొగాకు పట్టుకెళ్లిన ఏడు 1604 అని కొందరు, 1605 అని కొందరు రాశారు. ఏదైనా, ఉత్తరాదికన్నా ముందే దక్కనులో ఈ అలవాటు పాతుకుందనుకోవడం సబబు. బందరు అప్పట్లో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. తర్వాతి కాలంలో లండన్ నస్యం దుకాణాల్లో ‘మసులిపటం’ పేరుతో ఒక రకం అమ్మేవారు.

ఈ ప్రాంతపు పాత అలవాటు చుట్ట. గోదావరి, కృష్ణా లంక నేలల్లో పండే లంక పొగాకు దానికి ముడిసరుకు. గురజాడ ‘కన్యాశుల్కం’ (తొలి ముద్రణ 1897, మార్చిన కూర్పు 1909)లో గిరీశం శిష్యుడికి నేర్పిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. ఆ నాటకం వల్ల తెలుగునాట పొగను మెచ్చుకునే మాటలకు దక్కిన ప్రచారం, పొగ మాన్పించే మాటలకు ఇంతవరకు దక్కలేదు.

మానే పద్ధతికి సంబంధించినంతవరకు చుట్టకూ సిగరెట్‌కూ ఉన్న తేడా ముఖ్యమైనది. చుట్ట పొగకు క్షార గుణం ఎక్కువ. అందుకే దాన్ని గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ బుగ్గల లోపలి పొరలోంచే రక్తంలో కలుస్తుంది. వర్జీనియా పొగాకుతో చేసే సిగరెట్ పొగ ఆమ్ల గుణం గలది. పీల్చి ఊపిరితిత్తులకు పంపితే తప్ప నికోటిన్ సరిగా అందదు, కానీ అలా పీల్చిన పది, ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. బీడీ తునికాకులో చుట్టిన చిన్న వస్తువు కాబట్టి తేలిక అనే నమ్మకం బలంగా ఉంది. నిజానికి బీడీ తరచూ ఆరిపోతుంది. ఆరకుండా ఉంచాలంటే దమ్ములు ఎక్కువ లాగాలి, గట్టిగా లాగాలి. సిగరెట్ మాని చుట్టకు మారినవారు పాత అలవాటు కొద్దీ దాన్నీ లోపలికి పీలుస్తారు. ఆ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు.

శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే అడ్డపొగ (నిప్పు కొన నోట్లో పెట్టుకుని కాల్చడం) దిగువ కృష్ణాలో అంత ప్రధానం కాదు. అయినా దాని గురించి చెప్పుకోవాలి. తెలుగు పల్లెల్లో పొగ మాన్పించడంపై పేరున్న తొలి పరిశోధన అక్కడే జరిగింది. దానికి ముందు నోటి జబ్బుల పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామీణుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందార్లతో ఒక పెద్ద అధ్యయనం నడిచింది. మందులేమీ ఇవ్వలేదు. ఇంటింటికీ వెళ్లి ముఖాముఖి చెప్పడం, సినిమాలు చూపడం, పోస్టర్లు అంటించడం, అంతే. మానినవారు, తగ్గించినవారు పెరిగారని, నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయని 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన నివేదిక చెప్పింది. ముదిరిన అలవాటు మాటలకు లొంగదనే అభిప్రాయానికి ఇది గట్టి జవాబు.

మానినప్పటి బాధలు

నికోటిన్ రక్తంలో సుమారు రెండు గంటలకొకసారి సగానికి తగ్గుతుంది. రోజూ పెట్టె కాల్చేవారు పొద్దున లేవగానే అగ్గిపుల్ల వెతుక్కోవడానికి కారణమిదే. చాలాకాలం కాల్చినవారి మెదడులో నికోటిన్ గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది. పొగ ఆపేశాక అవి మామూలు స్థాయికి రావడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని స్కానింగ్ అధ్యయనాలు సూచిస్తున్నాయి.

చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, దిగులు, ఆకలి: ఇవి ఆపిన నాడే మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమై, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆకలి మాత్రం ఆ తర్వాతా ఉంటుంది. మలబద్ధకం, నోటిపూత కొందరిలో కనిపిస్తాయి. మొదటి వారాల్లో దగ్గు పెరిగి కళ్లె పడటాన్ని చూసి ‘మానాకే జబ్బు చేసింది’ అనుకుని తిరిగి కాల్చేవారున్నారు. ఊపిరి గొట్టాల్లోని సన్నని నూగు మళ్లీ పనిలో పడి, పేరుకున్నదాన్ని బయటికి నెట్టడమే ఆ దగ్గుకు మూలమని సాధారణంగా చెప్పే వివరణ. వారాలు గడిచినా తగ్గని దగ్గును, నెత్తురు జీరను మాత్రం దానికింద జమకట్టకూడదు. డాక్టరుకు చూపించాలి.

ముసలితనంలో ఒక్కసారిగా మానితే గుండె ఆగుతుందనే మాట పల్లెల్లో వినబడుతుంది. దానికి ఆధారం లేదు. ఏళ్లుగా బాగా తాగినవారు సారా, బ్రాందీ ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. పొగాకుతో అలాంటి ప్రమాదం లేదు.

టీ గురించి ఒక మాట. పొగలోని కొన్ని పదార్థాలు కాఫీ, టీల్లోని కెఫీన్‌ను కాలేయం త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. పొగ ఆగితే ఆ వేగం పోతుంది, అదే పాత లెక్కన టీ తాగినా ఒంట్లో కెఫీన్ రెట్టింపు దాకా చేరుతుంది. గుండె దడ, నిద్రలేమి వచ్చినప్పుడు జనం పొగ మానడాన్ని నిందిస్తారు, నిజానికి తప్పు టీ గ్లాసుది కావచ్చు. థియోఫిలిన్, క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మందులు వాడేవారికీ మోతాదు సవరించాల్సి వస్తుంది. అందుకే ముందుగా డాక్టరుకు చెప్పి మానడం మంచిది.

యావ, దాని సందర్భాలు

యావ ఒక్కో విడత సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. రాను రాను విడతల మధ్య ఎడం పెరుగుతుంది. అయితే సందర్భం ఎదురైతే, శరీరంలో నికోటిన్ చుక్క లేకపోయినా నాలుక పీకుతుంది. బందరు దగ్గరి గిలకలదిండి రేవు ఇందుకు మంచి ఉదాహరణ. రాత్రి వేటలో నిద్ర ఆపుకోవడానికి, వల వేసి లాగేదాకా ఉన్న ఖాళీకి, తెల్లవారుజామున చలికి, సరుకు దింపి లెక్క చూసుకున్నాక టీతో పాటు, ఇలా బీడీ పని గంటలకే అతుక్కుపోతుంది. గాలికి వీపు తిప్పి, రెండు అరచేతులూ దొప్పగా పట్టి, వంగి బీడీ ముట్టించే ఆ ఒడుపే ఒక అలవాటు. పడవ మీద పక్కవాడు అలా వంగితే చాలు, మానినవాడి చేయి జేబులోకి పోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మానడానికి అనువైన కాలంగా పైకి కనిపిస్తుంది. నడిసంద్రపు సందర్భాలు అప్పుడు ఉండవు. కానీ ఒడ్డున పడవ మరమ్మతులు, వలలు బాగుచేసుకోవడం, మిగతా పొద్దంతా బడ్డీ కొట్టు ముందు కూర్చోవడం, చేతిలో డబ్బు ఆడని చికాకు ఉంటాయి. పైగా, ఒడ్డున మానినవారు జూన్‌లో పడవ ఎక్కగానే పాత సందర్భాలన్నీ ఒక్క రాత్రిలో ఎదురవుతాయి. రోజూ వెళ్లి వచ్చే ఫైబర్ బోటు వారికంటే వారం, పది రోజులు సముద్రం మీద ఉండే మరబోటు వారికి ఒక మేలుంది: తీసుకెళ్లకపోతే దొరకదు. ఆ మేలు దక్కాలంటే మొత్తం జట్టు ఒప్పుకోవాలి.

దీక్ష

అయ్యప్ప మండల దీక్ష 41 రోజులు. భవానీ దీక్ష కూడా 41 రోజులే, అర్ధమండలమైతే 21. మద్యం, మాంసం, పొగ నిషిద్ధం. డెల్టా క్రైస్తవుల్లో ఈస్టర్‌కు ముందరి శ్రమకాలంలో, ముస్లింలలో రంజాన్ పగళ్లలో పొగ విడిచేవారున్నా, దీక్షలోని కట్టుబాటు వేరు.

ముప్పై ఏళ్లుగా కాల్చేవారు సైతం దీక్షలో పెద్దగా బాధపడకుండా ఆపడం వింతేమీ కాదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్ట లేదా ఎర్రబట్ట, కాలికి చెప్పుల్లేకపోవడం, నేలపడక, సాయంత్రం భజన, పడిపూజ: రోజు మొత్తం కొత్తగా మారిపోతుంది. పాత సందర్భాలు ఒక్కటీ మిగలవు. అందరూ ‘స్వామీ’ అని పిలుస్తారు. కిళ్ళీ కొట్టువాడు సిగరెట్ అందించడానికి తనే జంకుతాడు. నికోటిన్ బాధలు ముదిరే మొదటి వారం ఇలా సాగిపోతుంది. 41వ రోజుకు శరీరం దాదాపు కోలుకుని ఉంటుంది.

ఇక ఇరుముడి సమర్పించి, తిరిగొచ్చి, మాల తీస్తారు. చెప్పులు, మామూలు బట్టలు, పాత స్నేహితులు, పాత టీ కొట్టు అన్నీ ఒకే రోజున తిరిగి వస్తాయి. ‘ఇక పర్లేదుగా’ అంటూ ఎవరో పెట్టె చాపుతారు. అప్పుడు కాల్చే మొదటి సిగరెట్‌కు శరీరపు అవసరం కంటే సందర్భమే కారణం. దీక్షను ‘మానడం’గా కాక ‘ఆగడం’గా లెక్కేసుకోవడమూ తోడవుతుంది. వైద్యపరంగా చూస్తే, మానదలచినవారికి దీక్షకన్నా మంచి ముహూర్తం ఈ ప్రాంతంలో మరొకటి కనబడదు. లోపమల్లా 42వ రోజుకు ముందస్తు ఏర్పాటు లేకపోవడమే. ఆ తర్వాతి నెలపాటు టీ ఇంట్లో తాగడం, భజన బృందంతో సాయంత్రాలు కొనసాగించడం, స్నేహితులకు ముందే చెప్పి ఉంచడం వంటివి ఆ లోటును కొంత పూడుస్తాయి.

ఒక్కసారిగానా, కొద్దికొద్దిగానా

ఈ వివాదం పాతది. బ్రిటన్‌లో జరిగి 2016లో ప్రచురితమైన ఒక పోలిక ప్రయోగంలో, అనుకున్న రోజున ఒక్కసారిగా ఆపినవారిలో నాలుగు వారాలకు 49 శాతం, క్రమంగా తగ్గించుకుంటూ వచ్చినవారిలో 39 శాతం నిలబడ్డారు. దీర్ఘకాలంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదని కొన్ని సమీక్షలు అంటున్నాయి. తగ్గించేవారు ఉన్న సిగరెట్‌నే లోతుగా పీల్చి లోటు పూడ్చుకోవడం తెలిసిందే కాబట్టి, తేదీ పెట్టుకుని ఆపడం వైపే మొగ్గు చూపాలి.

ఎన్ని ప్రయత్నాలకు మానగలరన్న లెక్కా స్థిరంగా లేదు. ఐదారు అనేది పాత అంచనా. కెనడాలోని ఒంటారియో సమాచారంతో 2016లో చేసిన లెక్క ముప్పై లేదా అంతకు మించి అంటోంది. చిన్న ప్రయత్నాలను జనం మరిచిపోతారు కాబట్టి రెండో లెక్కే వాస్తవానికి దగ్గరగా తోస్తుంది. ఏ సాయమూ లేకుండా ఆపిన ఒక్కో ప్రయత్నంలో ఆరునెలలు, ఏడాది దాకా నిలిచేవారు వందకు ముగ్గురు నుంచి ఐదుగురే.

యావ వచ్చిన ఆ కొద్ది నిమిషాలు గడపడానికి డాక్టర్లు చెప్పే ఉపాయాలు తేలికైనవే: కాస్త ఆగడం, నీళ్లు తాగడం, నెమ్మదిగా లోతుగా ఊపిరి తీయడం, లేచి నాలుగడుగులు నడవడం. సోంపు, యాలకులు, వేయించిన శనగలు నోటికి పని పెడతాయి. ఖైనీ, జర్దా కిళ్ళీ మాత్రం పనికిరావు, అవీ పొగాకే. సగటున ఏడాదిలో నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలు. బందరు లడ్డూ, హల్వా అందుబాటులో ఉన్న ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు గానీ, పొగ చేసే చెరుపుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

మందులు

నికోటిన్ చూయింగ్ గమ్ 2, 4 మిల్లీగ్రాముల మోతాదుల్లో వస్తుంది. నిద్ర లేచిన అరగంటలోపే కాల్చేవారికి సాధారణంగా 4 సూచిస్తారు. చాలామంది దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా నమిలి, గొంతు మండి, ఎక్కిళ్లొచ్చి పారేస్తారు. దాన్ని మెల్లగా కొన్నిసార్లు నమలాలి, మిరియపు ఘాటు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. చుట్టలాగే ఇందులోనూ నికోటిన్ బుగ్గలోంచే దిగుతుంది, కాబట్టి పాత చుట్ట అలవాటున్నవారికి ఇది త్వరగా పట్టుబడాలి. కాఫీ, నిమ్మరసం, పుల్లమజ్జిగ తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ దిగదు. చర్మానికి అంటించే పట్టీ, గమ్ కలిపి వాడితే ఏ ఒక్కదానికన్నా ఫలితం మెరుగు.

వారెనిక్లిన్ మాత్రలు మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి 12 వారాలు వాడతారు. కిడ్నీ జబ్బున్నవారికి మోతాదు తగ్గించాలి. బుప్రోపియాన్ మూర్ఛ ఉన్నవారికి ఇవ్వరు. రెండూ డాక్టరు చీటీ మీదే తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ మందులతో పాటు సిటిసిన్‌నూ సిఫారసు చేశాయి. ఈ-సిగరెట్ల అమ్మకం, తయారీ భారతదేశంలో 2019 నుంచి నిషిద్ధం.

ఆలస్యంగా మానినా

బ్రిటిష్ డాక్టర్ల మీద అర్ధ శతాబ్దం సాగిన అధ్యయనం (2004 నివేదిక) ప్రకారం 30, 40, 50, 60 ఏళ్ల వయసులో మానినవారికి సుమారు 10, 9, 6, 3 ఏళ్ల ఆయుష్షు దక్కుతుంది. భారతీయుల మీద 2008లో వచ్చిన పెద్ద అధ్యయనం బీడీ వల్ల మగవారు ఆరేళ్లు, ఆడవారు ఎనిమిదేళ్లు, సిగరెట్ వల్ల మగవారు పదేళ్లు నష్టపోతున్నారని అంచనా వేసింది. ఆయాసం ముదిరినవారికి పోయిన ఊపిరి తిరిగి రాదు, ఇక మీదట తరిగే వేగం మాత్రం తగ్గుతుంది.

సాయం

జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం (2007-08) జిల్లా స్థాయిలో పొగాకు మాన్పు కేంద్రాలు ఉండాలంటుంది. దూరపు లంక గ్రామాలకు, రేవులకు ఎక్కువ అనువైనది ఫోను సేవ. 2016లో ఢిల్లీలో మొదలైన ఉచిత జాతీయ క్విట్‌లైన్ (1800-11-2356), 2018లో బెంగళూరు నిమ్హాన్స్ వంటి కేంద్రాలకు విస్తరించి దక్షిణాది భాషల్లో కూడా సలహా ఇస్తోంది. అదే 2018 సెప్టెంబరు నుంచి పొగాకు పెట్టెల మీద ఈ నంబరు ముద్రించడం తప్పనిసరి అయింది. బడ్డీ కొట్టులో ఒక్కో సిగరెట్ విడిగా కొనేవారికి, పెట్టె లేకుండా చుట్టలు తెచ్చుకునేవారికి ఆ నంబరు కంటబడే వీలు తక్కువ.