అమ్మ ఎత్తిన హారతి

మా అమ్మకు వీధంతా ఇల్లే. తిరుపతిలో మా వీధి కోలాటానికి మొదటి పాట ఆమెదే. వంట ముగించి, కోడళ్లనూ ఇరుగుపొరుగునూ వెంటేసుకుని, కోలలు పట్టి గుడి ముందుకు చేరేది. నాన్న పోయాక మాత్రం పెళ్లిళ్లలో హారతి పళ్లెం ఆమె చేతిదాకా రాలేదు. అమ్మ ఏడవలేదు, తరిగొండ వెంగమాంబ కథ ఎత్తుకుంది.

గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ బాలవితంతువు. అయినా బొట్టు చెరపనివ్వలేదని, జుట్టు తీయనివ్వలేదని చెబుతారు. తిరుమల చేరి యక్షగానాలు, 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. 1817లో కన్నుమూసింది. నేటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చేది ఆమె పేరిటి ముత్యాల హారతే. 'తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని మనవైపు నానుడి. కడుపున బిడ్డలు పుట్టకపోయినా ఆమె అందరికీ మాతృశ్రీ.

"స్వామికి పనికొచ్చిన హారతి పెళ్లికొడుక్కి పనికిరాదా?" అని అడిగింది అమ్మ. ఎవరూ బదులు చెప్పలేదు. మనవరాలి పెళ్లిలో తానే పాడుతూ హారతి ఎత్తింది. వెనక మేమంతా గొంతు కలిపాం.

మీ ఇంటి పెళ్లిలో గోడవార కూర్చున్న పెద్దమ్మనూ, అత్తమ్మనూ ముందుకు పిలవండి. పళ్లెం ఆమె చేతికివ్వండి.