దళపత్ సాగరము: బస్తరు సీమలో ఒక చెరువు చరిత్ర

చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటియని మన పెద్దలు నమ్మిరి. ఈ నమ్మకమును రాజధర్మముగా పాటించినవారిలో కాకతీయులు అగ్రగణ్యులు. గణపతిదేవ చక్రవర్తి కాలమున రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన దేవాలయము చెంత రామప్ప చెరువు నేటికిని పంటలను తడుపుచున్నది. పాకాల చెరువును ఆ యేలుబడిలోనిదే. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఆ వంశపు శాఖ యొకటి గోదావరి దాటి దండకారణ్యమున బస్తరు రాజ్యమును స్థాపించినది. ఆ రాజ్యపు కడపటి రాజధానియైన జగదల్‌పురమున కూడ పెద్ద చెరువొకటి కలదు. దానిపేరు దళపత్ సాగరము.

రాయపురమునకు దక్షిణముగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున, ఇంద్రావతీ తీరమున జగదల్‌పురము వెలసినది. పీఠభూమి యగుటచే ఇచట చలి యెక్కువ. పుష్యమాసపు ఉదయమున మంచుతెర తొలగువరకు చెరువునకు ఆవలి గట్టు కానరాదు. ఎండ పొడసూపిన పిదప నడుమనున్న దీవియు, దానిపై శివాలయమును మెల్లగా రూపు దాల్చును. శీతకాలమున వలసపక్షులు ఈ నీటిపై దిగును. కొందరు గట్టున వ్యాహ్యాళికి వత్తురు; బెస్తవారు వలలు విసరుచుందురు. చిత్రకూట జలపాతమును, కాంగేరు లోయను చూడవచ్చిన యాత్రికులు ఈ చెరువును గడియసేపు చూచి సాగిపోవుట పరిపాటి. కాని దీని చరిత్ర గడియలో ముగియునది కాదు.

చెరువునకు పేరిచ్చిన దళపతిదేవుడు పదునెనిమిదవ శతాబ్దపు రాజు. నాగపురపు మరాఠాల దాడులు ముమ్మరమైన ఆ కాలమున, 1770 ప్రాంతమున, ఆయన బస్తరు గ్రామమునుండి రాజధానిని ఇచటికి మార్చెను. వేటకు వచ్చిన రాజు కుక్కలపై కుందేలు తిరుగబడగా, ఈ నేల వీరభూమియని ఎంచి నగరము కట్టెనని జనశ్రుతి. విజయనగర స్థాపనను గూర్చి మనవారు చెప్పుకొను కథయు ఇట్టిదే. కథ యెట్లున్నను, కొత్త పట్టణమునకు మొదట కావలసినది నీరని ఆ రాజు ఎరుగును.

అట్లని బస్తరునకు చెరువుల విద్య కాకతీయులతోనే వచ్చినదనుట సరికాదు. జగదల్‌పురమునకు పడమర, అదే ఇంద్రావతీ సమీపమున, బారసూరు అను ప్రాచీన నగరము కలదు. అచట 147 దేవాలయములు, 147 చెరువులు ఉండెడివని నానుడి. నాగవంశపు రాజైన జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు చంద్రాదిత్య మహారాజు, చోడవంశజుడు. ఆయన అచట శివాలయమును కట్టించి, చంద్రాదిత్య సముద్రమను చెరువును త్రవ్వించెను. దీనిని తెలుపు 1060 నాటి శాసనము తెలుగు భాషలో నున్నది. అన్నమదేవుడు బస్తరులో అడుగిడుటకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే ఆ సీమలో చెరువును, తెలుగును కలసి మెలసి యుండెనన్నమాట.

తరువాతి కథ తెలుగువారు ఆలోచింపదగినది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడే తమ మూలపురుషుడని దంతెవాడ శాసనమున చెప్పించినవాడు దిక్పాలదేవుడు, దళపతిదేవునకు తాత. 1703 నాటి ఆ శాసనము రెండు శిలలపై నున్నది. ఒకటి సంస్కృతము, రెండవది స్థానిక హిందీ. కలియుగమున సంస్కృతము చదువువారు అరుదగుదురు గనుక దేశభాషలో వ్రాయింపబడినదని అందే చెప్పబడినది. ప్రజలకు తెలియవలెనని ఎన్నుకొన్న భాష తెలుగు కాకపోయెను! నాలుగు శతాబ్దములలో రాజవంశము తాను నివసించిన నేల భాషను తనదిగా చేసికొనెను. దక్షిణమున భోపాలపట్నము, కొంట ప్రాంతములలో మాత్రము తెలుగు నేటికిని ప్రజల నోట నిలిచియున్నది. రాజధానిలో వంశస్మృతి మిగిలినది, భాష మిగులలేదు.

ఇందుకు చింతింప బనిలేదు. భాషను పలుకువారు నిలుపుదురు; చెరువును కాపాడువారు నిలుపుదురు. 1948లో బస్తరు రాజ్యము భారతదేశమున విలీనమైనది. చెరువు మాత్రము పౌరుల సొత్తుగా నిలచినది. అయితే కాలక్రమమున అంచులు ఆక్రమణలకు లోనైనవి. ఊరి మురుగు చేరి నీరు చెడినది. గుర్రపుడెక్క అల్లుకొని పక్షులకు నీటి జాడ లేకుండ చేసినది. పట్టణవాసులును, నగరపాలక సంస్థయు పలుమారులు దానిని తొలగింప బూనిరి. ఏరివేసిన మొక్క మరల మొలచును, మరల ఏరివేయవలెను. ఒక రాజు ఒకసారి త్రవ్వించిన దానిని తరతరములవారు ఏటేట కాపాడవలసియుండును. చెరువు ధర్మమే అది.

జగదల్‌పురమును ఒరసికొని పారు ఇంద్రావతి పడమరగా సాగి గోదావరిలో కలియుచున్నది. ఆ నీరే భద్రాద్రిని, రాజమహేంద్రవరమును తాకి సముద్రమును చేరును. ఓరుగల్లునుండి ఒక వంశము ఎగువకు పోయినది. అచటినుండి నీరు దిగువకు వచ్చుచున్నది. ఈ బాంధవ్యము నెరిగి శీతకాలపు సెలవులలో దళపత్ సాగరపు గట్టున నిలుచు తెలుగు కుటుంబమునకు, ఆ నీరు పరాయి సీమది కాదని తోచకమానదు.