కాలం తప్పిన సాక్షి



పోయిన శ్రావణమాసంలో ఒక సాయంత్రం, మా వీధిలో ఆటో నడిపే అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. మంగళవారం సాయంత్రం ఆరుంబావు వేళ బజారులో ఒక స్కూటరును గుద్ది ఆగకుండా పోయిన ఆటో అతనిదేనని ఎవరో నంబరు చెప్పారట.

"ఆ వేళకి నేను రైలు గేటు దగ్గర మీ కారు ముందే ఉన్నానండి మాస్టారూ. దిగి మీకు నమస్కారం కూడా పెట్టాను. మీ కారులో కెమెరా ఉంది కదండీ!" అన్నాడు.

ఉంది. మా అబ్బాయి కొనిచ్చిన డాష్‌క్యామ్. మెమరీ కార్డు తీసి కంప్యూటరులో పెట్టి చూశాము. గేటు ఉంది, ఆటో ఉంది, నంబరు స్పష్టంగా ఉంది, అతని నమస్కారమూ ఉంది. అడుగున తేదీ మాత్రం 2020 జనవరి 1, సమయం అర్ధరాత్రి దాటి 12 నిమిషాలు. పైన సాయంకాలపు వెలుగు, కింద అర్ధరాత్రి! ఆ గేటును నేను వారంలో రెండు మూడు మార్లు దాటుతాను. అతడు రోజూ దాటుతాడు. ఆ దృశ్యం ఫలానా మంగళవారానిదే అని చెప్పడానికి అందులో ఏమీ లేదు.

సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. 'సాక్షాత్' అన్న మాట నుండి ఆ పదం పుట్టిందని పాణిని చెప్పాడు. నలభై ఏళ్లకు పైగా పిల్లలకు ఈ వ్యుత్పత్తి చెప్పిన నాకు ఒక సందేహం మాత్రం ఎన్నడూ రాలేదు: చూసినవాడు ఎప్పుడు చూశాడో చెప్పలేకపోతే ఆ చూపుకు విలువ ఎంత?

మన శాసన చరిత్రే ఇందుకు మంచి ఉదాహరణ. తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునే రేనాటి ధనంజయుని కలమళ్ల శాసనంలో సంవత్సరం లేదు. కావున అక్షరాల వంపులను బట్టి, అది క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించవలసి వచ్చింది. 'ప్రాంతం' అన్న మాట దగ్గరే ఆగిపోవాలి. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనం అట్లా కాదు. పట్టాభిషేకానికి శకసంవత్సరం 944 అని చెప్పి ఊరుకోకుండా మాసం, తిథి, వారం, నక్షత్రం కూడా చెప్పింది. లెక్క కట్టినవారు దానిని 1022 ఆగస్టు 16గా తేల్చారు. నేనూ కాగితం మీద వారం లెక్కవేసి చూశాను. శాసనం చెప్పినట్లే గురువారం వచ్చింది. వెయ్యేళ్ల తరువాత కూడా ఎవరైనా సరిచూసుకోవడానికి వీలుగా సాక్ష్యం చెప్పడమంటే అది.

ఇక కదిలే బండి మీది కెమెరా సంగతి. ఇది మన కాలపు వింత కాదు. 1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్ సోదరులు ఒక కేబుల్ కారు ముందుభాగాన కెమెరా బిగించి, మార్కెట్ వీధి పొడవునా ఫెర్రీ భవనం వరకు సుమారు 13 నిమిషాల చిత్రం తీశారు. అడ్డదిడ్డంగా తిరిగే మోటారు కార్లు, గుర్రపు బళ్లు, చక్రాలకు అడ్డంపడి పరుగెత్తే పిల్లలు, అన్నీ అందులో ఉన్నాయి. చిత్రం మీద తేదీ లేదు. అది 1905 నాటిదని చాలాకాలం నమ్మారు. తరువాత డేవిడ్ కీన్ అనే చలనచిత్ర చరిత్రకారుడు వీధిలో కనబడే నీటిగుంటలను నాటి పత్రికలలోని వాన వార్తలతోను, కార్ల నంబరు పలకలను రిజిస్ట్రేషన్ దస్త్రాలతోను పోల్చి చూశాడు. అది 1906 ఏప్రిల్ 18 నాటి మహాభూకంపానికి కొద్దిరోజుల ముందు తీసినదని తేల్చాడు. తెరమీద నవ్వుతూ నడిచే ఆ నగరం మరికొన్ని రోజులలో కూలి కాలిపోబోతున్నదన్న మాట. ఒక్క తేదీ తేలగానే ఒక వినోదచిత్రం చరిత్రలో అమూల్య సాక్ష్యంగా మారింది.

డాష్‌క్యామ్ ప్రపంచం నోట పడినది 2013 ఫిబ్రవరి 15న. ఆ ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీదుగా సుమారు 20 మీటర్ల ఉల్క మండుతూ వచ్చి ఆకాశంలోనే పేలిపోయింది. కిటికీ అద్దాలు పగిలి దాదాపు 1500 మంది గాయపడ్డారు. అక్కడి వాహనదారులు బీమా తగాదాల కోసం పెట్టుకున్న కెమెరాలు ఆ దృశ్యాన్ని పలు దిక్కుల నుండి పట్టాయి. వాటిని ఆధారం చేసుకుని శాస్త్రజ్ఞులు ఉల్క వచ్చిన కక్ష్యను గణించారు. ఆ ఏడాది అక్టోబరులో చెబార్కుల్ సరస్సు అడుగు నుండి 500 కిలోలకు పైగా బరువున్న శకలాన్ని పైకి తీశారు. అయితే కార్లలోని గడియారాలన్నీ ఒకే వేళ చూపవు గదా! చిత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చి కాలాన్ని సవరించుకోవలసి వచ్చింది. చిత్రం తీసిన చోట్లకు రాత్రివేళ వెళ్లి, నక్షత్రాల స్థానాలతో దిక్కులను సరిచూసుకున్నారు. మన తామ్రశాసనం తిథి నక్షత్రాలను సాక్షిగా పెట్టుకున్నట్లే, ఆ కెమెరాలకూ చివరకు నక్షత్రాలే సాక్షి నిలిచాయి.

నా కెమెరాకు వచ్చిన జబ్బు ఏమిటో కారు ఎలక్ట్రీషియన్ చూపించాడు. నేను దానిని సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించాను. ఇంజను ఆపగానే కరెంటు పోతుంది. అప్పుడు లోపలి గడియారాన్ని నడపవలసిన చిన్న బ్యాటరీ మన ఎండలకు చచ్చిపోయింది. అందుచేత కారు తీసిన ప్రతిసారీ కెమెరాకు అదే జనవరి 1.

ఇప్పుడు జీపీఎస్ ఉన్న కెమెరా పెట్టించాను. బ్యాటరీకి బదులు ఎండకు తట్టుకునే కెపాసిటర్ ఉన్నది. ఫ్యూజు బాక్సు నుండి నేరుగా తీగలు లాగారు. తీగలు మూడు: ఎల్లవేళలా కరెంటు ఉండే ఫ్యూజుకు ఒకటి, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజుకు ఒకటి, కారు ఇనుప దేహానికి ఎర్త్‌గా ఒకటి. మధ్యలో ఒక చిన్న పెట్టె 12 వోల్టులను 5కు దించుతుంది. బ్యాటరీ వోల్టేజి మనం పెట్టిన హద్దుకు, నా కారులో 12కు, పడిపోతే కెమెరాను ఆపేస్తుంది. లేకుంటే తెల్లవారేసరికి కారు స్టార్టు కాదు. ఎయిర్‌బ్యాగుల ఫ్యూజు జోలికి పోకూడదు. అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉంటే తీగను దాని ముందునుండి కాక వెనుకనుండి పోనివ్వాలి. ఇది తెలిసినవాడి చేత చేయించవలసిన పని. జీపీఎస్ కాలాన్ని సరిగానే ఇస్తుంది గాని, మన ఐదున్నర గంటల తేడా మనమే అమర్చాలి.

నెలకొకమారు అద్దం తుడిచి, గడియారం సరిచూసి, కార్డును ఫార్మాట్ చేస్తున్నాను. కార్డు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది కనుక, ఏదైనా జరిగితే వెంటనే కార్డు తీసి భద్రపరచాలి.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి చిత్రాలకు ధ్రువపత్రం కావాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలు ఎంత కొంచెం మారినా అదీ మారిపోతుంది. కాని ఆ వేలిముద్ర చెప్పేది ఫైలు మారలేదని మాత్రమే. మొదటే తప్పిన గడియారాన్ని అది దిద్దలేదు.

ఆ అబ్బాయి కోసం నేనూ కీన్ గారి దారి పట్టాను. చిత్రంలో గేటు పక్కన నీటిగుంటలు ఉన్నాయి. కాని ఆ వారంలో వాన రెండు సాయంత్రాలు కురిసింది. స్టేషనుకు వెళ్లి నోటితో సాక్ష్యం చెప్పబోతే, "మంగళవారమే అని మీకు గట్టిగా గుర్తుందా మాస్టారూ?" అని ఎంతో మర్యాదగా అడిగారు. అబద్ధమాడలేకపోయాను. గుర్తులేదన్నాను. చివరకు పెద్దమనుషులు రాజీ కుదిర్చారు. స్కూటరు బాగుచేయించే ఖర్చులో సగం అతడు ఇచ్చుకున్నాడు. ఆ సొమ్ము నేనిస్తానంటే తీసుకోలేదు.

"మీరేం చేస్తారండీ, మిషను తప్పు" అన్నాడు.

మిషను నాలుగు నెలలుగా రోజూ నా కళ్లముందే జనవరి 1 చూపిస్తూ వచ్చింది. చూడనివాణ్ణి నేను.